జర్మనీలో మొదటి ఇల్లు: ముందు పోస్టు డబ్బా మీద పేరు పెట్టండి

జర్మనీలో ఇల్లు దొరికి తాళాలు చేతికొచ్చిన రోజు, సూట్‌కేసులు విప్పకముందే చేయాల్సిన పని ఒకటుంది. కింద గుమ్మం దగ్గర వరసగా ఉండే పోస్టు డబ్బాల్లో మీ డబ్బా మీద, కాలింగ్ బెల్ మీద మీ పేరు అతికించండి. మన దగ్గర ఫ్లాట్ నంబరు 302, 404 అని రాసినట్టు ఇక్కడి చిరునామాల్లో మామూలుగా ఉండదు. వీధి పేరు, బిల్డింగు నంబరు, ఊరు, పిన్ కోడ్, అంతే. ఇరవై కుటుంబాలున్న బిల్డింగులో పోస్ట్‌మ్యాన్ చూసేది డబ్బా మీది పేరునే. అది కనపడకపోతే ఉత్తరం వచ్చిన దారినే వెనక్కి పోతుంది. వచ్చి పోయిందన్న సంగతి కూడా మీకు తెలియదు. బ్యాంకు కార్డు ఒక కవరులో, దాని పిన్ ఇంకో కవరులో, ఆరోగ్య బీమా కార్డు, పన్ను నంబరు, వీసా ఆఫీసు నుంచి పిలుపు, ఇవన్నీ ఇప్పటికీ పోస్టులోనే వస్తాయి.

ఏ పేరు రాయాలన్నది మనవాళ్లకు నిజమైన చిక్కు. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఏముందో జర్మనీకి మీరు అదే. మీ స్నేహితులంతా మిమ్మల్ని ఏ పేరుతో పిలిచినా, ఆఫీసు ఉత్తరం ఇంటిపేరు మీదే వస్తుంది. కొందరి పాస్‌పోర్టులో ఆ గడి ఖాళీగా ఉండి, ఇంటిపేరుతో సహా మొత్తం పేరు రెండో గడిలో ఉంటుంది. అలాంటప్పుడు బ్యాంకు ఒక రకంగా, బీమా కంపెనీ ఇంకో రకంగా రాసుకుంటాయి. వీలుంటే బయలుదేరకముందే పాస్‌పోర్టు సరిచేయించుకోవడం మేలు. వీలుకాకపోతే పేరులోని ముక్కలన్నీ డబ్బా మీద రాసేయండి. నలుగురు కలిసి ఉంటే నలుగురి పేర్లూ ఉండాలి. వేరొకరి ఇంట్లో కొన్నాళ్లు తలదాచుకుంటుంటే చిరునామాలో ఆ ఇంటివారి పేరు కూడా రాయించండి.

పసుపు రంగు కవరు వస్తే పారేయకండి. అది ప్రభుత్వ ఆఫీసు నుంచో కోర్టు నుంచో వచ్చే అధికారిక ఉత్తరం. డబ్బాలో వేసిన తేదీని పోస్ట్‌మ్యాన్ కవరు మీదే రాస్తాడు, గడువు ఆ రోజు నుంచే లెక్క. మీరు తెరిచిన రోజుతో సంబంధం లేదు. చాలా ఆఫీసు నిర్ణయాలకు అభ్యంతరం చెప్పుకోవడానికి ఒక నెలే గడువు ఉంటుంది. అందుకే సెలవులకు ఐదారు వారాలు ఇంటికి వెళ్లేవాళ్లు డబ్బా తాళం నమ్మకమైన స్నేహితుడి చేతిలో పెట్టి, వారానికోసారి ఫొటోలు తీసి పంపమని చెప్పి వెళ్లాలి.

తర్వాతి పని అన్‌మెల్డుంగ్. అంటే ఫలానా చిరునామాలో ఉంటున్నానని ఊరి ఆఫీసులో నమోదు చేసుకోవడం. ఇంట్లో దిగిన 14 రోజుల్లోపు చేయాలి. ఆలస్యమైతే చట్ట ప్రకారం 1,000 యూరోల దాకా జరిమానా వేయవచ్చు. పెద్ద నగరాల్లో ఆ రెండు వారాల్లో అపాయింట్‌మెంటే దొరకదు. అలాంటప్పుడు దొరికిన మొదటి తేదీని బుక్ చేసుకుని, ఆ ఈమెయిల్ దాచుకోండి. ప్రయత్నం చేశారనడానికి అది ఆధారం. రోజూ పొద్దున్నే వెబ్‌సైటు చూస్తే ఎవరో రద్దు చేసుకున్న తేదీలు కనపడుతుంటాయి. తీసుకెళ్లాల్సినవి పాస్‌పోర్టు, నింపిన ఫారం, ఇంటి ఓనరు సంతకం చేసిన వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్. పేరు పొడుగే కానీ అది ఒక పేజీ కాగితం. మీరు ఫలానా తేదీన ఈ ఇంట్లో దిగారని ఓనరు ఇచ్చే ధ్రువీకరణ. అద్దె ఒప్పందం చూపిస్తే దీనికి బదులు సరిపోదు, చాలామంది అక్కడే వెనుదిరిగి వస్తారు. ఆ కాగితం ఇవ్వడం ఓనరు బాధ్యత. గది చూపించి "ఇక్కడ అన్‌మెల్డుంగ్ కుదరదు" అంటే ఆ గది ఎంత చవకైనా వద్దు. నమోదు లేకపోతే పన్ను నంబరు రాదు, వీసా పొడిగింపు ముందుకు కదలదు.

అన్‌మెల్డుంగ్ ఫారంలో మతం అన్న గడి ఒకటుంటుంది. అందులో రాసింది నేరుగా పన్నుల శాఖకు వెళ్తుంది. కాథలిక్, ప్రొటెస్టెంట్ చర్చిల తరఫున ఇక్కడి ప్రభుత్వమే చర్చి పన్ను వసూలు చేస్తుంది. మీరు కట్టే ఆదాయపు పన్ను మీద బవేరియా, బాడెన్ వుర్టెంబెర్గ్ రాష్ట్రాల్లో 8 శాతం, మిగతా రాష్ట్రాల్లో 9 శాతం. గుంటూరు వైపు లూథరన్ (ప్రొటెస్టెంట్) కుటుంబాలవాళ్లు, ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వాళ్లు ఈ సంగతి తెలిసి ఆ గడి నింపాలి. చదువుకునేటప్పుడు ఆదాయపు పన్నే ఉండదు కాబట్టి తేడా కనపడదు. ఉద్యోగం వచ్చిన మొదటి జీతం స్లిప్పులో కనపడుతుంది. హిందువులకు, ముస్లింలకు ఇలాంటి పన్ను లేదు.

నమోదైన కొన్ని వారాలకు 11 అంకెల పన్ను నంబరు వస్తుంది. అది జీవితాంతం మారదు, ఆ కాగితం భద్రంగా పెట్టుకోండి. దాని వెనకే రేడియో, టీవీ రుసుము ఉత్తరం వస్తుంది. ఇంటికి నెలకు 18.36 యూరోలు. "మా ఇంట్లో టీవీ లేదు" అంటే పనికిరాదు, ఎందుకంటే ఇది టీవీకి కాకుండా ఇంటికి లెక్క. మోసమనుకుని ఆ ఉత్తరాన్ని చెత్తలో వేసేవాళ్లు ఎక్కువ. జవాబు రాకపోతే వాళ్లే మీ పేరు నమోదు చేసి, దిగిన నెల నుంచి బాకీ లెక్కగట్టి పంపుతారు. ఊరట ఏమిటంటే, ఒక ఫ్లాట్‌లో ఎంతమంది ఉన్నా ఒక్కరు కడితే చాలు. మిగతావాళ్లు ఆ కట్టేవాళ్ల రుసుము నంబరు రాసి పంపితే వదిలేస్తారు. హాస్టల్లో మాత్రం గదుల అమరికను బట్టి మారుతుంది. అందరూ తిరిగే పొడుగాటి వరండాలోకి మీ గది తలుపు తెరుచుకుంటే మీ గదే ఒక ఇల్లు కింద లెక్క.

అద్దె మాటకొస్తే, ప్రకటనలో కాల్ట్ అని ఉంటే ఉత్త గోడల అద్దె, వార్మ్ అని ఉంటే హీటింగ్, నీళ్లు, చెత్త ఖర్చులు కలిపిన అద్దె. కరెంటు, ఇంటర్నెట్ చాలాసార్లు ఇందులో కూడా ఉండవు. వార్మ్‌లో కలిపిన ఖర్చులు కేవలం అంచనా. ఏడాది గడిచాక అసలు లెక్క వస్తుంది. ఎక్కువ వాడితే బాకీ కట్టాలి, తక్కువ వాడితే డబ్బు తిరిగొస్తుంది. అడ్వాన్సు మూడు నెలల కాల్ట్ అద్దె దాటకూడదు, దాన్ని మూడు నెలసరి వాయిదాల్లో కట్టే హక్కు చట్టంలోనే ఉంది. ఇల్లు చూడకుండా మాత్రం ఒక్క యూరో పంపకండి. "నేను విదేశంలో ఉన్నాను, డబ్బు పంపితే తాళాలు పోస్టులో పంపిస్తాను" అనే ఓనరు ఉండడు, ఆ ఇల్లూ ఉండదు. ఇండియా నుంచి వెతికేవాళ్లు ఎక్కువగా పడేది ఈ గుంతలోనే.

తాళాలు తీసుకునేటప్పుడు గోడ మీది ప్రతి గీత, నేల మీది ప్రతి మచ్చ, కరెంటు మీటరు అంకెలు ఫొటో తీసి, అప్పగింత కాగితంలో రాయించండి. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో కోతలన్నీ ఈ కాగితం మీదే ఆధారపడతాయి. సామాన్లు లేని ఇల్లు అంటే ఇక్కడ చాలాచోట్ల వంటగది గట్టు, సింకు, పొయ్యి కూడా లేని ఇల్లు. లైట్లకు బదులు పైకప్పు నుంచి ఉత్త వైర్లు వేలాడుతుంటాయి.

బాత్రూమ్ గురించి ఎవరూ ముందుగా చెప్పరు కాబట్టి కాస్త ఆగి చెప్తాను. మన ఇళ్లలో బాత్రూమ్ నేలకు వాలు, మూలన నీళ్లు పోయే జాలీ ఉంటాయి. ఇక్కడ చాలా ఇళ్లలో షవర్ తొట్టిలో తప్ప నేల మీద నీళ్లు పోయే దారే లేదు. బకెట్, చెంబు అలవాటుతో నేల మీద నీళ్లు పోస్తే అవి టైల్స్ సందుల్లోంచి దిగి కింది ఇంటి పైకప్పులో తేలుతాయి. ఆ మరమ్మతు ఖర్చు మీ మీదే పడుతుంది. స్నానం తొట్టిలోనే, నేల తుడవడం పిండిన గుడ్డతోనే. ఇలా మన వల్ల పక్కవారికి జరిగిన నష్టాన్ని భరించే బీమా ఒకటుంది, హాఫ్ట్‌ఫ్లిఖ్ట్ అంటారు. చట్టం బలవంతం చేయదు, ఏడాదికి కొన్ని పదుల యూరోలే. ఆరోగ్య బీమా తర్వాత కొనాల్సిన మొదటిది ఇదేనని నా గట్టి అభిప్రాయం. తాళాలు పోగొట్టుకున్నా వర్తించేది చూసి తీసుకోండి. పెద్ద బిల్డింగుల్లో గేటుకీ ఇంటికీ ఒకే తాళంచెవి ఉంటుంది. అది పోతే మొత్తం బిల్డింగు తాళాలు మార్చాల్సి రావచ్చు, ఖర్చు వేల యూరోలకు వెళ్తుంది. ఇంటి తలుపుకు బయటివైపు తిప్పే పిడి ఉండదు, లాగితే తాళం దానంతటదే పడిపోతుంది. చెత్త పారేయడానికి రెండు నిమిషాలు వెళ్లినా తాళంచెవి జేబులో ఉండాలి.

వంటకు వద్దాం. ఇండియాలోనూ ఇక్కడా 230 వోల్టులే కాబట్టి మిక్సీ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా నడుస్తుంది. మన మూడు పిన్నుల ప్లగ్గు మాత్రం ఇక్కడి సాకెట్‌లో పట్టదు. ఎర్త్ ఉన్న, 16 ఆంపియర్లు తట్టుకునే అడాప్టర్ కొనండి. ఎయిర్‌పోర్టులో దొరికే సన్నటి ట్రావెల్ అడాప్టర్లు ఫోనుకు సరిపోతాయి, మిక్సీకి వేడెక్కి కరుగుతాయి. కుక్కర్ తెచ్చుకునేవాళ్లు స్టీలుదే తెచ్చుకోండి. పొయ్యి ఇండక్షన్ అయితే మామూలు అల్యూమినియం కుక్కర్ దాని మీద వేడెక్కదు. కొనేముందు గిన్నె అడుగుకు అయస్కాంతం పెట్టి చూస్తే తెలిసిపోతుంది. గాజు పలక పొయ్యి అయితే గిన్నెను లాగకుండా ఎత్తి పెట్టండి. గీతలు పడితే అడ్వాన్సులో కోస్తారు.

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది తిరగమోత దగ్గర. పడుకునే గదుల్లో పొగ అలారం జర్మనీ అంతటా తప్పనిసరి. ఒంటిగది ఇంట్లో పడుకునేదీ వండేదీ ఒకే చోట కాబట్టి ఎండుమిరపకాయలు మాడితే అది మోగుతుంది. కొన్ని హాస్టళ్లలో ఆ అలారం నేరుగా ఫైర్ స్టేషన్‌కు కలిపి ఉంటుంది, అనవసరంగా పిలిపించిన ఖర్చు మీ మీద వేయవచ్చు. నూనె పొగలు రాకముందే, మంట మధ్యస్థంగా ఉండగానే ఆవాలు వేసి మూత పెట్టండి. కిటికీ ముందే తెరిచి, పొయ్యి మీది ఫ్యాన్ వేసుకోండి. ఘాటు తగ్గించుకోవడానికి వరండా వైపు తలుపు తెరవడం పెద్ద పొరపాటు. ఘాటంతా మెట్ల దారిలోకి పోయి, పొరుగువాళ్లతో మాట పడాల్సి వస్తుంది. అలారానికి ప్లాస్టిక్ కవరు కట్టడం, బ్యాటరీ తీసేయడం ఎప్పుడూ చేయకండి. అది ఉన్నది నిద్రలో మిమ్మల్ని బతికించడానికి.

ఇక గాలి. చలికాలంలో కిటికీలు బిగించి, అన్నం, పప్పు, చారు రోజూ వండి, ఉతికిన బట్టలు గదిలోనే ఆరేస్తే ఆ తేమంతా చల్లటి బయటి గోడ మీద నీటిచుక్కలుగా పేరుకుంటుంది. రెండు నెలల్లో బీరువా వెనక, కిటికీ మూలల్లో నల్లటి బూజు మొదలవుతుంది. ఒకసారి పట్టాక ఓనరుతో గొడవ, ఊపిరితిత్తులకు చేటు. దీనికి ఇక్కడివాళ్ల పద్ధతి ష్టోస్‌లుఫ్టెన్. రోజుకు రెండు మూడుసార్లు కిటికీలు పూర్తిగా బార్లా తెరిచి, 5 నుంచి 10 నిమిషాలు గాలి ఆడనిచ్చి మూసేయడం. వంట, స్నానం అయిన వెంటనే ఇంకోసారి. కిటికీని పైనుంచి కాస్త వాల్చి రోజంతా వదిలేస్తే గాలి మారేది తక్కువ, చుట్టూ గోడ చల్లబడేది ఎక్కువ. బూజు సరిగ్గా అక్కడే పుడుతుంది. తెరిచినంతసేపూ హీటర్ నాబ్ సున్నాకు పెట్టండి, లేకపోతే చల్లగాలి తగిలి అది పూర్తిగా తెరుచుకుని ఆ వేడంతా వీధిలోకి పోతుంది. బీరువాను బయటి గోడకు ఆనించకుండా 5 నుంచి 10 సెంటీమీటర్లు జరపండి. గదిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే మంచిది. తేమ చూపించే చిన్న మీటరు కొద్ది యూరోలకే దొరుకుతుంది.

ఆ హీటర్ నాబ్ మీది అంకెలు ఫ్యాన్ రెగ్యులేటర్ లాంటివి అనుకుంటారు. అవి ఉష్ణోగ్రతలు. 3 అంటే సుమారు 20 డిగ్రీలు, 4 అంటే 24, 5 అంటే 28. 5కి తిప్పితే గది తొందరగా వేడెక్కదు, 20 దగ్గర ఆగాల్సింది 28 దాకా పోతుంది. ఏడాది చివర బాకీ ఉత్తరానికి అసలు కారణం చాలాసార్లు ఇదే. అలాగని డబ్బు మిగలాలని పూర్తిగా ఆపేసినా గోడలు చల్లబడి బూజు వస్తుంది. ఇంట్లో లేనప్పుడు 2 దగ్గర ఉంచితే సరిపోతుంది.

నిశ్శబ్దం ఇక్కడ ఇంటి నియమాల్లో రాసి ఉండే విషయం. రాత్రి 10 నుంచి పొద్దున 6 వరకు, ఆదివారం, సెలవు రోజుల్లో రోజంతా. కొన్ని బిల్డింగుల్లో మధ్యాహ్నం కూడా రెండు గంటలు ఉంటుంది. గోడలు పలచగా ఉండే పాత ఇళ్లలో మిక్సీ చప్పుడు రెండంతస్తులు వినపడుతుంది. ఇడ్లీ పిండి రుబ్బడం శనివారం పగలే పెట్టుకోండి. ఆదివారం మేకులు కొట్టడం, గాజు సీసాలు డబ్బాలో పడేయడం కుదరవు. పుట్టినరోజు పార్టీ ఉంటే రెండు మూడు రోజుల ముందు మెట్ల దగ్గర ఒక చీటీ అతికించి, ఫోన్ నంబరు రాసి, పైనా కిందా ఉన్నవాళ్లకు ఒక మాట చెప్పండి. చెప్పి చేస్తే చాలామంది సర్దుకుపోతారు. చెప్పకుండా చేస్తే పోలీసుకు ఫోన్ చేయడం ఇక్కడ అసాధారణం కాదు.

చెత్త రంగులు ఊరిని బట్టి కొంచెం మారతాయి కానీ లెక్క ఒక్కటే. ప్యాకింగు పసుపు డబ్బాలో, కాగితం నీలం డబ్బాలో, కూరగాయల తొక్కలు గోధుమరంగు డబ్బాలో, మిగిలింది నలుపు లేదా బూడిదరంగు డబ్బాలో. తప్పులు జరిగే చోట్లు వేరు. పాల అట్టపెట్టె కాగితంలా కనిపించినా పసుపులోకే పోవాలి. బియ్యం వచ్చిన ప్లాస్టిక్ సంచీ కూడా అందులోకే. నూనె మరకల పిజ్జా పెట్టె, వాడిన టిష్యూ, షాపు రసీదు నలుపులోకి. తొక్కల్ని ప్లాస్టిక్ కవరుతో సహా వేయకూడదు, పాత న్యూస్‌పేపరులో చుట్టండి. వడలు వేయించిన నూనె సింకులో పోస్తే పైపు మూసుకుపోతుంది. చల్లారాక సీసాలో పోసి మూత బిగించి నలుపులో వేయండి. పచ్చడి గాజు సీసాలు ఇంటి దగ్గర కాదు, వీధిలో ఉండే పెద్ద గాజు పెట్టెల్లో తెలుపు, ఆకుపచ్చ, గోధుమ రంగుల వారీగా. పగిలిన తాగే గ్లాసులు, పింగాణీ వాటిలో వేయకూడదు, అవి వేరే వేడి దగ్గర కరుగుతాయి. డబ్బాలో తప్పు చెత్త కనపడితే చెత్త బండివాళ్లు దాన్ని అలాగే వదిలేసి పోతారు, అదనపు ఖర్చు బిల్డింగు అందరి మీదా పడుతుంది.

నీళ్ల సీసాలు, డబ్బా డ్రింకులు మాత్రం చెత్త కాదు, డబ్బు. కొనేటప్పుడే ప్లాస్టిక్ సీసాకు, డబ్బాకు 25 సెంట్లు, మళ్లీ మళ్లీ నింపే సీసాలకు 8 లేదా 15 సెంట్లు డిపాజిట్ పట్టుకుంటారు. సూపర్‌మార్కెట్ ద్వారం దగ్గరి యంత్రంలో వేస్తే చీటీ వస్తుంది, దాన్ని కౌంటర్లో ఇస్తే బిల్లులో తగ్గిస్తారు. యంత్రం బార్‌కోడ్ చదువుతుంది కాబట్టి సీసా నలపకండి, లేబుల్ చింపకండి. బయట తాగి మోసుకెళ్లే ఓపిక లేకపోతే చెత్త డబ్బాలో వేయకుండా పక్కన నిలబెట్టండి. వాటిని ఏరుకుని పూట గడుపుకునేవాళ్లున్నారు, చేతులు చెత్తలో పెట్టే అవసరం వాళ్లకు తప్పుతుంది. అసలు తాగడానికి సీసా నీళ్లు కొనక్కర్లేదు, కుళాయి నీళ్లు భేషుగ్గా తాగవచ్చు. చాలా ఊళ్లలో సున్నం ఎక్కువ కాబట్టి కెటిల్‌కు తెల్లటి పొర పడుతుంది. కాస్త వెనిగర్ నీళ్లు పోసి కాసేపు ఉంచి కడిగితే పోతుంది.

ఆదివారం షాపులు మూతే. శనివారం సాయంత్రానికి పాలు, పెరుగు, ఉల్లిపాయలు ఇంట్లో ఉండాలి. బవేరియాలో మామూలు రోజుల్లోనూ రాత్రి 8 తర్వాత సూపర్‌మార్కెట్ ఉండదు. పెద్ద రైల్వే స్టేషన్లలో, పెట్రోలు బంకుల్లో దొరుకుతాయి కానీ ధర ఎక్కువ. పారాసెటమాల్ కూడా సూపర్‌మార్కెట్లో దొరకదు, మందుల షాపులోనే కొనాలి. రాత్రుళ్లు, ఆదివారాలు వంతుల వారీగా తెరిచి ఉండే మందుల షాపు పేరు మూసి ఉన్న ప్రతి షాపు తలుపు మీదా రాసి ఉంటుంది. ప్రాణం మీదికొస్తే 112, పోలీసుకు 110, ప్రాణాపాయం లేకుండా రాత్రిపూట డాక్టరు కావాలంటే 116117.

మాట తీరు మనకు కష్టం కాదు. జర్మన్‌లో జీ మన "మీరు", డు మన "నువ్వు". పెద్దవాళ్లు లేదా పై హోదావాళ్లు "డు అనుకుందాం" అనే దాకా జీ అనే పిలవండి, ఇంటిపేరు ముందు మగవారికి హెర్, ఆడవారికి ఫ్రౌ చేర్చండి. మెట్ల మీద ఎదురైన పొరుగువారికి, డాక్టరు దగ్గర కూర్చునే గదిలోకి వెళ్లగానే అక్కడున్నవాళ్లకు నమస్కారం చెప్పినట్టు హలో చెప్పాలి. చెప్పకపోతే పొగరు అనుకుంటారు. పుట్టినరోజు శుభాకాంక్షలు ఒక్క రోజు ముందు కూడా చెప్పకండి, అపశకునంగా చూస్తారు. ఆఫీసులో కేకు తెచ్చేది పుట్టినరోజు జరుపుకునేవారే.

ఇల్లు ఖాళీ చేసేటప్పుడు జరిగే పొరపాటు డబ్బుతో కూడినది. గడువు రాయని మామూలు ఒప్పందమైతే మూడు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు కాగితం మీద, చేతి సంతకంతో, నెలలో మూడో పనిదినం లోపు ఓనరుకు అందాలి. వాట్సాప్ మెసేజ్, ఈమెయిల్ చెల్లవు. నాలుగో పనిదినాన అందితే ఇంకో నెల అద్దె కట్టాలి. ఒప్పందంలో ఉన్నవాళ్లందరూ సంతకం చేయాలి. రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

జర్మనీలోనే ఇంకో ఇంటికి మారితే కొత్త చోట అన్‌మెల్డుంగ్ చేస్తే చాలు, పాతది దానంతటదే పోతుంది. దేశం వదిలి వెళ్తుంటే అబ్‌మెల్డుంగ్ చేయించాలి, వెళ్లడానికి వారం ముందు నుంచి తీసుకుంటారు. అది చూపిస్తేనే రేడియో రుసుము ఆగుతుంది. అడ్వాన్సులో కొంత భాగాన్ని హీటింగ్ లెక్క తేలేదాకా ఓనరు తన దగ్గర ఉంచుకోవచ్చు, ఆ లెక్క మరుసటి ఏడాది చివరికి గానీ రాకపోవచ్చు. కాబట్టి తాళాలు అప్పగించే రోజే కొత్త చిరునామా, బ్యాంకు ఖాతా వివరాలు కాగితం మీద రాసి ఓనరుకు ఇచ్చి, పోస్టాఫీసులో ఉత్తరాలు కొత్త చోటికి మళ్లించమని దరఖాస్తు పెట్టండి. డబ్బా మీది మీ పేరు ఆ తర్వాతే తీసేయండి.